ఎల్లమ్మ ఉరఫ్ ఎస్తేరు

వికారాబాద్, తాండూరు వెళ్లొచ్చానంటే మా కాలేజీలో అందరూ అనంతగిరి గురించే అడిగారు. ఫొటోలు తీశారా, చలిగా ఉందా, పిల్లల్ని తీసుకెళ్లొచ్చా అని. ఫొటోలు తీశాను. చలి లేదు, భాద్రపదం వానలు అప్పుడే తెరిపిచ్చాయి. పిల్లల్ని నిక్షేపంగా తీసుకెళ్లొచ్చు. అక్కడ నువ్వేం చేసొచ్చావని మాత్రం ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పాలని ఇది రాస్తున్నాను.

నేను బందరులో రాజనీతిశాస్త్రం చెబుతాను. ఇంగ్లిషువాళ్ల పాలనలో ఉండి బయటపడ్డ దేశాల్లో, వాళ్లు నేర్పిపోయిన పద్ధతులు కింది ఆఫీసుల్లో ఎంతవరకు మిగిలాయన్నది నా పరిశోధన. కిందటేడు కెన్యాలో రెండు నెలలున్నాను. అక్కడ ఊళ్ల మీద సర్కారు నియమించిన ‘చీఫ్’ ఉంటాడు. ఖాకీ చొక్కా, చేతిలో చిన్న బెత్తం. జనాన్ని ఒకచోట పోగేసి, తను కుర్చీలో కూర్చుని, వాళ్లను ఒక్కొక్కరిగా నిలబెట్టి గోడు వింటాడు. మా కోస్తా జిల్లాలను తెల్లవాళ్లు నేరుగా ఏలారు. వికారాబాద్ వైపు నిజాం ఏలాడు, తెల్లవాళ్లు పక్కన ఉండి ఏలించారు. ఈ తేడా వల్ల కాగితం పట్టుకుని నిలబడే మనిషికి ఒరిగిందేమైనా ఉందా? అది తెలుసుకుందామని పెట్టె సర్దుకున్నాను.

అనంతగిరి

ఆదివారం ఆఫీసులుండవు కాబట్టి ముందు కొండకే వెళ్లాను. హైదరాబాద్‌లో ముక్కు మూసుకుని దాటే మూసీ ఇక్కడే పుడుతుందంటే నమ్మబుద్ధి కాలేదు. రాళ్ల సందున తడి, ఆ తడిలోంచి వేలెడు నీటి జాలు. అంతే.

పద్మనాభస్వామి దర్శనం అయ్యాక మెట్ల మీద కూర్చుని పులిహోర పొట్లం విప్పాను. వెనకనుంచి కోతి వచ్చి, పొట్లం జోలికి పోకుండా నా చేతిసంచి లాక్కుని గోడెక్కింది. మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మే ఆవిడ కర్ర పట్టుకుని దాని వెంటపడింది. సంచి దొరికింది, పర్సూ ఫోనూ భద్రంగానే ఉన్నాయి. మా ప్రిన్సిపాల్ సంతకంతో తెచ్చుకున్న పరిచయ పత్రాన్ని మాత్రం కోతి నమిలి పారేసింది.

“పైసలు పోలే గద మేడం, కాగితానికేం ఫికర్?” అంది ఆవిడ. ఇరవై రూపాయలిచ్చి ఒక కంకి కొన్నాను. ఇంకోటి ఊరికే చేతిలో పెట్టింది. మా ఊరి కోతి చేసిన ఖరాబుకు ఇది, అంది.

పత్రం పోయింది కదాని మర్నాడు కాలేజీ గుర్తింపు కార్డును నీలం రిబ్బనుతో మెడలో వేసుకున్నాను, అడిగినవాళ్లకు చూపిద్దామని. ఎవరూ అడగలేదు. ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు.

వికారాబాద్

సోమవారం ప్రజావాణి. జిల్లా నలుమూలల నుంచి జనం తమ బాధలు కాగితం మీద రాయించుకుని కలెక్టరేటుకు వస్తారు. మేం అర్జీ అనేదాన్ని ఇక్కడ దరఖాస్తు అంటారు, మా అడంగల్ వీళ్లకు పహాణీ. మాటలే వేరు. కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరును కొంగులో చుట్టి, ఛాతీకి ఆనించి పట్టుకునే తీరు ఒకటే. కెన్యాలోనూ అలాగే పట్టుకున్నారు.

పేర్లు రాయించుకున్నవాళ్లకు నంబరు చీటీలిస్తున్నారు. వరండాలో ఓ స్తంభానికి ఆనుకుని ఇద్దరు కూర్చున్నారు. ఆమెకు అరవై ఉంటాయి. ఆయనకు ఎనభై దాటి ఉంటాయి, తెల్లటి తలపాగా, పక్కన కర్ర. ఆయన ఎవరితోనో అంటున్న మాట నా చెవిన పడింది.

“పట్వారి ముంగట గొలుసు వట్టి నడిచినోన్ని నేను. మా తాలూకల ఏ గెట్టు యాడున్నదో నా కాళ్ళకెరుక.”

అక్కడే ఆగిపోయాను. పటేలు, పట్వారీల వ్యవస్థ రద్దయి చాలాకాలమైంది. వాళ్ల వెంట గొలుసు మోసి, భూములు కొలిచి, దండోరా వేసిన ఊరి నౌకర్లలో ఇంకా బతికున్నవాళ్లు దొరకడమే కష్టం. అలాంటి మనిషి కోసం మూడేళ్లుగా వెతుకుతున్నాను.

“తాతా, మీతో కాసేపు మాట్లాడొచ్చా? రాసుకుంటాను,” అన్నాను.

ఆయన నా మెడలో కార్డు చూశాడు. చేతిలో నోటుబుక్కు చూశాడు. కర్ర ఊతంతో లేచి నిలబడ్డాడు.

“రాసుకుంటరా మేడం? మంచిదాయె. ఎల్లమ్మా, దా, మేడం రాసుకుంటదంట.”

పేర్లు అడిగాను. ఆయన సాయన్న, కోట్‌పల్లి అవతల ఊరు. ఆమె తన పేరు ఎస్తేరమ్మ అంది.

“మరి ఈయన ఎల్లమ్మ అన్నాడే?”

“గదే మేడం మా పరేషాన్.”

పెళ్లినాటికి ఆమె ఎల్లమ్మే. ఎకరం ఇరవై గుంటల పట్టా ఆ పేరుమీదే ఉంది. తర్వాత ఇంటిల్లిపాదీ చర్చికి వెళ్లడం మొదలుపెట్టారు, ఆమె ఎస్తేరయింది. రేషన్ కార్డూ ఆధార్ కార్డూ ఎస్తేరు పేరుతో వచ్చాయి. భూముల రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఈ ఎల్లమ్మ ఎవరో తేలలేదు. కొత్త పాసుపుస్తకం రాలేదు. ఎల్లమ్మ అన్నా ఎస్తేరు అన్నా ఈమేనని చెప్పడానికి, పట్టా ఇచ్చిననాడు పక్కనే ఉన్న సాయన్నను బతిమాలి రెండు బస్సులు మార్చి తీసుకొచ్చింది.

నాకు కెన్యాలో కలిసిన జోసెఫ్ అనే ముసలాయన గుర్తొచ్చాడు. ఆయనకు భూమి కాగితంలో ఇంటిపెద్దలు పెట్టిన పేరు, గుర్తింపు కార్డులో బాప్తిస్మపు పేరు.

“ఆఫ్రికాలో కూడా ఒకాయనకు సరిగ్గా ఇంతేనమ్మా,” అన్నాను సంబరంగా.

“గట్లనా! మరి ఆయన పని అయ్యిందా మేడం?”

నాకు తెలీదు. ఆయన కథ రాసుకున్నాను గానీ, పని సంగతి కనుక్కోకుండానే విమానమెక్కాను.

ఇద్దర్నీ ఆవరణ చివర నీడలోకి తీసుకెళ్లి టీలు తెప్పించాను. ఫోన్లో రికార్డింగ్ పెట్టాను. సాయన్న రెండు గంటలు మాట్లాడాడు. పటేలు మంచం మీద, పట్వారీ చాప మీద, రైతులు చెప్పులు చేత్తో పట్టుకుని ఎండలో. కొలతల రోజు గొలుసు జారి కాలివేలు చితికితే, ముందు గొలుసు లెక్క సరిగా వచ్చిందా అని అడిగిన పట్వారీ. ఆయన చెబుతుంటే నా చెయ్యి ఆగలేదు. ఎస్తేరమ్మ మధ్యలో రెండుసార్లు లేచి మళ్లీ కూర్చుంది. కాళ్లు తిమ్మిరెక్కాయేమో అనుకున్నాను.

మేం లేచేసరికి ఒంటిగంట దాటింది. హాలు ఖాళీ అయింది. ఎస్తేరమ్మ నా ఫోన్ నంబరు చిన్న కాగితం మీద రాయించుకుని కొంగున ముడేసుకుంది.

“అయితది గద మేడం?”

“అవుతుందమ్మా,” అన్నాను. ఏది అవుతుందని ఆమె అడిగిందో ఆలోచించలేదు.

తాండూరు

మంగళవారం తాండూరులో దిగితే ముందు కనపడేది బండ. మా బందరులో రాయి అంటే బండి కట్టి ఎక్కడినుంచో తెచ్చుకోవాల్సిందే. ఇక్కడ నేల బండ, గోడ బండ, ఇంటి కప్పు బండ, చేనికి కంచె కూడా నిలువుగా పాతిన బండలే. పాలిష్ మిషన్ల నుంచి వచ్చే నీళ్లు మజ్జిగలా కాలవల్లో పారుతుంటాయి. ఆటో ఎక్కి దిగితే చీర వెనకవైపు తెల్లటి పొడి.

బజారులో ఓ చిన్న హోటల్. నడిపే ఆవిడ సగం కన్నడం, సగం తెలుగు. “ఊట మాడ్రి మేడం, వేడిగున్నది,” అంటూ జొన్నరొట్టె, గట్టి కందిపప్పు, పచ్చిమిర్చి తొక్కు పెట్టింది. బందరులో అన్నం తినకపోతే భోజనం చేసినట్టు కాదు. పప్పంటే నెయ్యి వేసుకుని జారుగా కలుపుకోవడమే మాకు తెలుసు. ఇక్కడి పప్పు రొట్టె ముక్కకు పట్టుకుని వదలదు. రొట్టె పదిహేను, పప్పు ఎన్నిసార్లు వడ్డించినా అదే ధర. మా నేల కింద సున్నపురాయి ఉన్నది, అందుకే కందికి గీ రుచి అని చెప్పిందావిడ. రెండు కిలోల కందిపప్పు కొనుక్కున్నాను. చాలా హాయిగా ఉన్నాను ఆ రోజు. మూడేళ్ల వెతుకులాట ఫలించిందనుకున్నాను.

బుధవారం పొద్దున ఫోన్ మోగింది.

“మేడం, సామ్యేలు మాట్లాడుతున్న. ఎస్తేరమ్మ మేనల్లున్ని. తాండూర్ల బండల పాలిష్ కాడ పనిచేస్త. మా అత్త దరఖాస్తు మీరే తీస్కున్నరంట గద, ఎన్నొద్దులైతదో జర అడుగుదామని.”

“నేను దరఖాస్తు తీసుకోలేదే,” అన్నాను.

అతను మిషన్ల చప్పుడుకు దూరంగా జరిగి మళ్లీ అన్నాడు.

“సాయన్న తాత సాక్ష్యం గూడ ఫోన్ల ఎక్కించిన్రని చెప్పింది మేడం.”

స్టేషన్ పక్కన టీ హోటల్‌కు రమ్మన్నాను. ముప్పై ఏళ్ల మనిషి, మోచేతుల దాకా తెల్లటి పొడితో వచ్చాడు. ఫోన్ బల్ల మీద పెట్టి ఇద్దరం రికార్డింగ్ విన్నాం. అరగంట గడిచాక దూరంగా బంట్రోతు గొంతు: “నలభై రెండు... నలభై రెండు ఎవలు?” దగ్గరగా ఎస్తేరమ్మ: “మామా, మనదే పిలుస్తున్నరు.” సాయన్న: “మేడం రాస్తున్నది గద, మళ్ళ ఆడికెందుకు?” ఆ వెంటనే నా గొంతు, ఉత్సాహంగా: “తాతా, ఆ గొలుసు ఎంత పొడుగుండేది?”

ఇంకొంచెం ముందుకు జరిపాం. సాయన్న గొంతు సవరించుకున్నాడు. “మేడం, గీ ఎల్లమ్మ సంగతి...” నేను అడ్డం వచ్చాను. “అది తర్వాత చెబుదురు గానీ, పటేలు మంచం ఎటువైపు వేసేవాళ్లు?”

ఆ తర్వాత ఆయన ఎల్లమ్మ మాట ఎత్తలేదు. రెండు గంటల రికార్డింగులో, ఏ ఒక్క మాట చెప్పడానికి ఆయన అంతదూరం వచ్చాడో ఆ మాటే లేదు.

“మీకు ఇనపడలేదేమో మేడం,” అన్నాడు సామ్యేలు.

వినపడిందో లేదో నాకే తెలీదు. వినపడినా, నన్ను పిలవడం లేదు కదా అనుకుని ఉంటాను. టీ చల్లారిపోయింది. ఇద్దరం తాగలేదు.

కోట్‌పల్లి దాటాక

గురువారం సామ్యేలు సెలవు పెట్టి నన్ను వాళ్ల ఊరు తీసుకెళ్లాడు. కోట్‌పల్లి చెరువు నిండుగా ఉంది. రోడ్డుకు రెండువైపులా కంది నడుమెత్తు పెరిగింది. ఇంకో రోజైతే బస్సు ఆపించి ఫొటోలు తీసేదాన్ని.

ఎస్తేరమ్మ ఇంటి ముందు మంచం వాల్చి దుప్పటి పరిచింది. నేను కూర్చోకుండానే చెప్పేశాను.

“అమ్మా, నేను ఆఫీసు మనిషిని కాదు. పిల్లలకు పాఠాలు చెప్పే పంతులమ్మని. ఆ రోజే చెప్పి ఉండాల్సింది.”

ఆమె సామ్యేలు వైపు చూసింది, మళ్లీ నావైపు చూసింది.

“మరి ఎందుకు రాసుకున్నరు?”

“పుస్తకం కోసం.”

“గా పుస్తకం కలెక్టర్ సారు సదువుతడా?”

“చదవకపోవచ్చు.”

ఆమె లోపలికి వెళ్లింది. కోపమొచ్చిందనుకున్నాను. చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చి, “ఎండల వడి వచ్చిన్రు, తాగుండ్రి,” అంది. నాలుగు మాటలు తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

సాయన్న ఇల్లు అదే వీధిలో ఉంది. ఈసారి ఆయన చెప్పదలుచుకున్నదంతా అడ్డు తగలకుండా విని, రాసి, సంతకం చేయించి, సోమవారం నేనే తీసుకెళ్తానని దారిలో ఎస్తేరమ్మతో అన్నాను. ఆమెకు అప్పటికే తెలుసు. నోటితో చెప్పలేక నన్ను అక్కడికే నడిపించుకెళ్లింది.

సాయన్న గోడవారగా మంచంలో ఉన్నాడు. తలపాగా లేదు. మూతి ఎడమవైపుకు లాగేసి ఉంది. నన్ను చూసి కుడిచెయ్యి కొంచెం లేపాడు.

“మంగళారం పొద్దుగాల మాట వడిపోయింది,” అన్నాడు కొడుకు. ఆయనకూ అరవై దగ్గర పడుతున్నాయి. “డాక్టరుకు సూపెట్టినం. వయసు గద మేడం, ఎవ్వలేం జేస్తరు.”

బస్సులు మార్చి, పొద్దంతా కూర్చోబెట్టి మాట్లాడించినందువల్లనా అని అడగబోయాను. అంతలో కొడుకే అన్నాడు.

“సోమారం ఇంటికొచ్చి మస్తు ఖుషీగున్నడు. గా మేడం గొలుసు సంగతి అంత అడిగింది, అంత రాసుకున్నది అని పదిమందికి చెప్పిండు. గవన్ని ఇప్పుడు ఎవ్వలు అడుగుతరు మేడం?”

ఆ మాట నన్ను ఓదార్చాలి. ఓదార్చలేదు. ఎస్తేరమ్మ మంచం పక్కన చతికిలబడి, కొంగుతో ఆయన మూతి తుడిచింది. “మామా, ఎట్లున్నవ్?” అంది. ఆయన ఆమె వైపు తిరిగి ఏదో అన్నాడు. ఎల్లమ్మ అన్నాడో, ఏమన్నాడో. మాట కూడలేదు.

మళ్లీ వికారాబాద్

సోమవారం దాకా ఉండిపోయాను. ఈసారి ఆమెతోపాటు నేనూ వరుసలో నిలబడ్డాను. నంబరు పిలిచినప్పుడు ఇద్దరం లోపలికెళ్లాం. కార్డు సంచిలో పెట్టేశాను, అయినా అధికారి నన్ను చూసి కుర్చీ చూపించారు. అలవాటుగా కూర్చున్నాను. కూర్చున్నాక గుర్తొచ్చింది, రెండో కుర్చీ లేదని.

ఆయన మర్యాదగా, ఓపికగా విన్నారు. తప్పుపట్టడానికేమీ లేదు. ఇంగ్లిషులో నన్ను అడిగారు, నేను ఇంగ్లిషులో చెప్పాను. పేరు ఎప్పుడు మారింది, పట్టా ఎప్పటిది, సాక్షులెవరు. అన్నీ నా నోటుబుక్కులో ఉన్నాయి కదా, గడగడా చెప్పాను. ఒకసారి నా వెనక ఎస్తేరమ్మ “సారూ...” అంది. నేను చెప్పే వాక్యం పూర్తి చేశాను. ఊళ్లో విచారణ చేయిస్తామని దరఖాస్తు మీద రాసి ఆయన సంతకం చేశారు.

మా తాత కరణం, వీళ్ల మాటలో పట్వారీ. అరుగు మీద ఆయన కూర్చుంటే రైతులు కింద నిలబడేవాళ్లని అమ్మ చెబుతుండేది. ఆ మాట నేను పరిశోధనలో రాసుకున్నాను కూడా.

బయటికొచ్చాక ఎస్తేరమ్మ అంది, “మంచిగ చెప్పిన్రు మేడం.” బస్టాండు దాకా నడిచాం. బస్సు ఎక్కబోతూ ఆగింది. “సారు నా మొకం దిక్కు ఒక్కపారి గూడ సూడలే,” అంది. ఫిర్యాదులా కాదు, ఎండగా ఉందన్నట్టు అంది.

బందరు

ఇంటికొచ్చి వ్యాసం రాశాను. ఓ సదస్సులో చదివాను. సాయన్న గొలుసు గురించి రాసిన పేరా అందరికీ నచ్చింది, ఇలాంటి మనిషిని ఎలా పట్టుకున్నారని అడిగారు. తెల్లవాళ్లు నేరుగా ఏలిన చోటుకీ, పక్కనుండి ఏలించిన చోటుకీ తేడా ఏమిటన్న ప్రశ్నకు పద్ధతిగానే జవాబిచ్చాను. ఆ పద్ధతులు నాలో ఎంత మిగిలాయన్నది ఎవరూ అడగలేదు.

సాయన్న దసరా వెళ్లిన వారానికి పోయాడు. సామ్యేలు ఫోన్ చేసి చెప్పాడు, అప్పటికి మూడు రోజులైందట.

కార్తీకంలో ఊళ్లో విచారణకు అధికారులు వస్తున్నారని తెలిసి, రైలు టికెట్ తీసుకుని ఎస్తేరమ్మకు ఫోన్ చేశాను.

“నేనూ వస్తానమ్మా ఆ రోజు.”

“వద్దు మేడం. మీరొస్తే గా సారు మళ్ళ మీతోనే మాట్లాడుతడు. నా ముచ్చట నేను చెప్పుకుంట.”

టికెట్ రద్దు చేసుకున్నాను. ఆ రోజు మామూలుగా కాలేజీకి వెళ్లి మూడు క్లాసులు చెప్పాను. మూడింట్లోనూ ఏం చెప్పానో గుర్తు లేదు.

సాయంత్రం సామ్యేలే ఫోన్ చేశాడు. కలుపు తీయడానికి, కోతలకి ఎన్నో ఏళ్లు ఆమెతో కలిసి వెళ్లిన ఆడవాళ్లు తొమ్మిది మంది చేను గట్టు మీదికి వచ్చారట. మా ఎల్లమ్మనే ఎస్తేరు, ఎస్తేరే మా ఎల్లమ్మ అని ఒకరి తర్వాత ఒకరు చెప్పారట. ఎస్తేరమ్మ గంటసేపు మాట్లాడిందట, అధికారి చెట్టుకింద నిలబడే రాసుకున్నారట. ఆ ముసలాయన్ను అసలు వికారాబాద్ దాకా తేవాల్సిన పనే లేదన్నమాట. ఊళ్లోనే అంతమంది సాక్షులున్నారు. నిన్ను ఎరిగినవాళ్లు ఇంకెవరున్నారని ఎవరైనా ఆమెను అడిగి ఉంటే మొదటిరోజే చెప్పేది. రెండు గంటలు ఎదురుగా కూర్చుని కూడా నేను అడగలేదు.

పుష్యమాసంలో పాసుపుస్తకం వచ్చింది. ఎల్లమ్మ ఉరఫ్ ఎస్తేరు అని అచ్చయిందని సామ్యేలు సంతోషంగా చెప్పాడు.

“అత్తకొకసారి ఫోనిస్తావా?” అన్నాను.

“చేన్ల ఉన్నది మేడం, కంది కోస్తున్నరు. రేపు జేయిస్త.”

ఆ రేపు గడిచి నెల దాటింది. ఆమె చేయలేదు. చేసి ఏం మాట్లాడాలో తెలియక నేనూ చేయలేదు.